చివరి నుంచి మొదటికి

కర్నూలు నుంచి కడపకు పోయే బస్సులో ఉండగా మా ఆయన ఫోన్ చేశాడు. నేను నెట్‌లో రాస్తున్న సీరియల్ వాళ్ళన్నయ్య కంటపడిందట. కథలో మొగుడు కొట్టడం చదివి, ఇది మనింటి సంగతేనని పట్టేశాడట. "కడపలో దిగేలోపల తీసెయ్" అని పెట్టేశాడు.

సైటులో కొత్త భాగం పైన ఉంటుంది కాబట్టి, చివరి నుంచి వెనక్కి తీసేస్తూ వచ్చాను. ఒక్కోదానికీ "ఈ భాగం ఇక పాఠకులకు కనిపించదు, సరేనా?" అని సైటు అడిగింది. మా ఆయన ఆ మాత్రం కూడా అడగలేదు.

ఆళ్లగడ్డలో ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దావిడ నా ఫోన్‌లోకే చూస్తోంది.

"ఏంది పాపా, ఒకటొకటే తీసేస్తాండావు?"

"నేను రాసిన కథ. ఇంట్లో వద్దన్నారు."

'ఇల్లు విడిచింది' అనే భాగం పోయింది. 'పోలీస్ స్టేషన్' పోయింది. 'మొదటి దెబ్బ' మీద వేలు పెట్టాను.

"బయటపడిన పిల్లను మళ్ళా ఆ ఇంటికే తోలకొస్తాండావే!" అందామె.

నా వేలు ఆగింది.

"తీసేసేటట్టయితే ముందు పెండ్లిని తీసేయాల్సింది పాపా."

ఆమె నవ్వలేదు. మైదుకూరులో దిగేదాకా మళ్ళీ నా ఫోన్ వైపు చూడలేదు.

నేను 'మొదటి దెబ్బ' కూడా తీసేశాను.

పెళ్ళి భాగాన్ని మాత్రం మా ఇంట్లోవాళ్ళు ఉండనిచ్చారు. అందులో తప్పేమీ లేదట. కథ ఇప్పుడు అక్కడితో ఆగిపోతుంది. మొన్న దాని కింద ఎవరో పాఠకురాలు రాసింది: "ముగింపు చాలా బాగుంది."