అత్త అనరాని మాట అన్న రోజు

నా చిన్నప్పుడు మా ఇళ్ళల్లో గడప దాటే మనిషి 'పోతుండా' అనకూడదు, 'పోయొస్తా' అనాలి. అంగడికి ఉప్పు కోసం వెళ్ళినా అంతే, కోవూరులో పెళ్ళికి వెళ్ళినా అంతే. పొరపాటున ఎవరి నోటి నుంచైనా ఆ ఉత్త మాట జారిందంటే మా నాయనమ్మ వాకిట్లోంచే కేకేసి వెనక్కి పిలిచేది. ఆ మనిషి వెనక్కి వచ్చి, కాసిన్ని మంచినీళ్ళు తాగి, మళ్ళీ సరైన మాట చెప్పి బయలుదేరాలి. ఈలోగా బస్సు తప్పిపోతే తప్పిపోయింది. ఈ పట్టింపుల్లో మా నాయనమ్మను కూడా మించిపోయిన మనిషి మా మేనత్త, మా నాన్నకు అక్క. ఆమె ఇంట్లో బియ్యం ఎన్నడూ అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. నేను చెప్పబోయేది ఆమె గురించే.

మొన్న చలికాలంలో మా అమ్మాయి, అల్లుడు, పిల్లలు కలిసి నన్ను పులికాట్ సరస్సు ఒడ్డుకు తీసుకువెళ్ళారు. అక్కడ అటవీశాఖ వాళ్ళ సరుగుడు తోపులో గుడారాలు వేసి, పిల్లాపాపలతో వచ్చి ఉండేవాళ్ళకు వసతి ఏర్పాటు చేశారు. నీలం రంగు గుడారాలు, లోపల పరుపులు, తల దగ్గర ఒక బుల్లి ఫ్యాను. చెట్ల కింద పడుకోవడానికి వచ్చి ఫ్యాను వేసుకోవడమేమిటో, ఎంత విడ్డూరం! మా మనవరాలు నా చెయ్యి పట్టుకుని, "అమ్మమ్మా, నీకు క్యాంపింగ్ అంటే ఏందో తెలుసా?" అని అడిగింది. తెలుసా అట! ఈ సరస్సు ఒడ్డునే, ఇలాంటి తోపులోనే, ఖాకీ గుడ్డ గుడారంలో నేను దాదాపు ఒక చలికాలమంతా ఉన్నానని చెబితే అది నమ్మలేదు. అది ఫోటోలు అడిగింది. నా దగ్గర ఫోటోలు ఎక్కడివి?

మాది అల్లూరు పక్క పల్లె. వరి తప్ప వేరే లోకం తెలియని ఇల్లు. నాకు ఏడేళ్ళప్పుడు మా అమ్మకు కడుపులో ఏదో గడ్డ వచ్చింది. నెల్లూరు డాక్టర్లు చూసి, మద్రాసు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. నాట్ల పని నడుమ వదిలేసి మా నాన్న కారు మాట్లాడుకొచ్చాడు. అమ్మను వెనక సీట్లో పడుకోబెట్టారు. నొప్పికి ఆమె పెదవులు తెల్లబడిపోయాయి. నేను కిటికీలోంచి చెయ్యి పెడితే పట్టుకుని, "పోతుండా తల్లీ," అంది.

ఆ మాట అక్కడున్న అందరూ విన్నారు. మా నాయనమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని, "అయ్యో, అదేం మాటే! పోయొస్తానను, పోయొస్తానను!" అని కారు వెంట నాలుగడుగులు పరుగెత్తింది. కారు ఆగలేదు. అమ్మ వినలేదో, విన్నా నోరు పెగల్లేదో. ఆ సాయంత్రం మా నాయనమ్మ దేవుడి గూట్లో దీపం పెట్టి, తనలో తాను ఏడవడం నేను చూశాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, నేనూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. కానీ నా లెక్కలో మా అమ్మ ఇక రాదు. వచ్చేదైతే వస్తానని చెప్పేది కదా!

మూడోనాటికి మా మేనత్త వచ్చింది. ఆమె భర్త, మా మామయ్య, అడవి శాఖలో గార్డు. ఆ ఏడు పులికాట్ ఒడ్డున కొత్తగా సరుగుడు నాటిస్తున్నారు. మొక్కలు నాటే కూలివాళ్ళు పెళ్ళాం బిడ్డలతో అక్కడే పాకలు వేసుకున్నారు. మామయ్యకు డిపార్టుమెంటు వాళ్ళు గుడారం ఇచ్చారు. "ఈడుంటే బిడ్డ బెంగతో చిక్కి సగమవుతది, నాతో పంపీ," అని అత్త నాయనమ్మతో చెప్పి, నా గౌన్లు మూటగట్టింది. బడి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ రోజుల్లో ఆడపిల్ల బడికి అంత పట్టింపు లేదు.

ఆ చోటు ఎంత బాగుండేదో ఎలా చెప్పను! పాత తోపులో రాలిన సరుగుడు ఆకు మెత్తగా పరుచుకుని ఉండేది, దాని మీద చాప వేస్తే అదే మా పరుపు. గాలికి ఆ చెట్లు పొద్దస్తమానం హోరుమనేవి. ఎదురుగా కనుచూపు మేర నీళ్ళు, పెద్ద లోతు లేని ఉప్పునీళ్ళు. వాటిలో పొడుగు కాళ్ళ గులాబీ కొంగలు గుంపులు గుంపులుగా దిగేవి. అత్త మూడు రాళ్ళ పొయ్యి మీద రొయ్యలు వేసి చింతపులుసు కాస్తే ఆ వాసనకు కూలివాళ్ళ పిల్లలంతా మా గుడారం చుట్టూ చేరేవాళ్ళు, అత్త అందరికీ తలో ముద్ద పెట్టేది. నాకు మాత్రం అన్నం సహించేది కాదు.

నేను చేసే పని ఒక్కటే. తోపులోంచి బయటికి పోయే బాట మొదట్లో కూర్చునేదాన్ని. ఎవరు వెళ్తున్నా అడ్డం పడి, "పోయొస్తానని చెప్పు," అనేదాన్ని. సైకిలెక్కే మామయ్య, పాలు పోసే ముసలమ్మ, సరస్సు నడుమ దీవికి పడవ నడిపే తాత, ఎవరినీ వదల్లేదు. అందరూ నవ్వి, ముచ్చటపడి, "పోయొస్తాలే అమ్మణ్ణీ," అని చెప్పి వెళ్ళేవాళ్ళు. చివరికి మా గుడారం దగ్గర తిరిగే కుక్కను కూడా తోక పట్టుకుని నిలబెట్టానట. అందరికీ అదొక వేడుక అయిపోయింది.

ఒకరోజు మొక్కలకు నీళ్ళు పోసే ఒకామె, ఇంటి దగ్గర బిడ్డకు జ్వరమని కబురొస్తే, బిందె అక్కడే పడేసి "నే పోతుండానక్కా," అని అత్తకు చెప్పి పరుగెత్తింది. నేను ఆమె వెంట పడ్డాను. ఇసకలో పడి లేచి, ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని, "అట్ట అనబాకు, అట్ట అనబాకు," అని వెక్కి వెక్కి ఏడ్చాను. పాపం, ఆమె భయపడిపోయి నాలుగుసార్లు పోయొస్తానని చెప్పినా నేను చీర వదల్లేదట. అత్త వచ్చి నా వేళ్ళు విడదీసి, ఎత్తుకుని గుడారానికి తెచ్చింది.

అప్పుడు అడిగింది, "ఏందమ్మణ్ణీ, ఏముంది నీ మనసులో?" అని. చెప్పేశాను. అమ్మ ఏమన్నదో, నాయనమ్మ కారు వెంట ఎలా పరుగెత్తిందో, అంతా. చెప్పాక అత్త ముఖం చూశాను. 'ఏం కాదులే' అంటుందని ఎదురుచూశాను. ఆమె అనలేదు. నా తల ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు జుట్టు చిక్కు తీస్తూ కూర్చుంది. ఆమె కూడా ఆ మాటను నమ్మే మనిషే కదా, ఏం చెబుతుంది?

మర్నాడు పొద్దున్నే అత్త శుభ్రంగా స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, దీవికి పోయే పడవ ఎక్కింది. దీవిలో ఆమెకు ఏ పనీ లేదు. ఒడ్డున నేను, మామయ్య, నలుగురైదుగురు కూలివాళ్ళు ఉన్నాం. పడవ మధ్యలో నిలబడి, నా కళ్ళలోకి సూటిగా చూస్తూ, తోపంతా వినబడేలా అరిచింది:

"అమ్మణ్ణీ! నే పోతుండా!"

పడవ తాత నీళ్ళలో తోసే గెడ ఆపేశాడు. "ఏంది తల్లీ ఆ మాట? పొద్దున్నే, నీళ్ళ మీద! ఇంకొకసారి సరిగ్గా చెప్పు," అన్నాడు.

"చెప్పింది చాలు, పడవ పోనీ," అంది అత్త.

"నీకేమన్నా మతి పోయిందా?" అని మామయ్య మోకాటి లోతు నీళ్ళలోకి దిగాడు. అత్త ఆయన వైపు తిరగనైనా తిరగలేదు. "పోతుండా, పోతుండా," అని ఇంకా రెండుసార్లు అని కూర్చుంది. నేను గొంతు చించుకుని ఏడ్చాను. మామయ్య నన్ను పట్టుకోకపోతే నీళ్ళలో పడేదాన్నే. అమ్మ పోయింది, ఇప్పుడు అత్త కూడా. నాకు ఇంకెవరున్నారు?

ఆ పగలు ఎలా గడిచిందో నాకు తెలుసు, ఆ సరస్సుకు తెలుసు. నేను ఒడ్డు నుంచి కదల్లేదు. మామయ్య పళ్ళెంలో సంగటి తెచ్చి పక్కన పెడితే ఈగలు వాలాయి. మధ్యాహ్నం దాటాక తూర్పు గాలి లేచింది. నీళ్ళు నల్లబడి అలలు కొట్టడం మొదలుపెట్టాయి. వేటకు పోయిన పడవలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి, దీవి పడవ రాలేదు. ఒడ్డున దిగినవాళ్ళను మామయ్య అడుగుతున్నాడు, వాళ్ళు తల అడ్డంగా ఊపుతున్నారు. అంత పెద్ద మనిషి, తుపాకీ భుజాన వేసుకుని అడవంతా తిరిగే మనిషి, చేతులు నలుపుకుంటూ అటూ ఇటూ తిరుగుతుంటే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆడవాళ్ళు దూరంగా నిలబడి గుసగుసలాడుతున్నారు. వాళ్ళు ఏమనుకుంటున్నారో నాకు వినబడకపోయినా తెలుసు.

పొద్దు వాలే వేళకు పడవ కనబడింది. అందులో చీర కొంగు తలకు చుట్టుకుని, నిలువునా తడిసి ముద్దయి, మా అత్త. ఒడ్డుకు రాగానే తాత చెయ్యి అందుకోకుండా తనే దూకి, నీళ్ళు తొక్కుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"పోతాననే పోయినాను. వచ్చినానా, లేదా?" అంది.

నేను రెండు పిడికిళ్ళతో ఆమె పొట్ట మీద కొట్టాను. కొట్టీ కొట్టీ అలసిపోయి, ఆ తడి చీరనే వాటేసుకున్నాను. "మీ అమ్మా అంతే. నొప్పిలో ఏదో అనింది. మాటదేముంది, మనిషి గట్టిగా అనుకోవాల గానీ. ముందు అన్నం పెట్టండ్రా నాకు, ఆకలికి చస్తుండా!" అంది అత్త. ఆ పూట ఆమె కంచంలోనే నేనూ తిన్నాను. కడుపు నిండా తిన్నాను.

ఆ తర్వాత అత్త దాన్నొక ఆటగా చేసింది. నీళ్ళకు పోతూ 'పోతుండా', పుల్లలకు పోతూ 'పోతుండా'. మామయ్య మొదట్లో మొహం చిట్లించుకున్నా, నా ముఖం చూసి తనూ అనడం మొదలుపెట్టాడు. పడవ తాత మాత్రం చచ్చినా అనలేదు. కొన్నాళ్ళకు నేనే గులాబీ కొంగల దగ్గరికి పరుగెడుతూ "అత్తా, పోతుండా!" అని అరిచేదాన్ని. బాట మొదట్లో కాపలా మానేశాను.

చలికాలం చివర్లో ఒక మధ్యాహ్నం తోపులోకి ఎద్దుల బండి వచ్చింది. మద్రాసు రైలు సూళ్ళూరుపేటలో దిగి, ఇంటికి కూడా పోకుండా, మా నాన్న అమ్మను నేరుగా నా దగ్గరికే తీసుకొచ్చాడు. అమ్మ సగం మనిషి అయిపోయింది. నేను దగ్గరికి పోవడానికి సిగ్గుపడి చెట్టు పక్కన నిలబడ్డాను. అత్త వెనక నుంచి నన్నొక తోపు తోసింది, ఆ తోపుకు నేను వెళ్ళి అమ్మ ఒళ్ళో పడ్డాను. అమ్మ కోలుకుని, నా పిల్లల్ని కూడా ఎత్తి పెంచి, నిండుగా బతికి వెళ్ళింది.

చాలా ఏళ్ళ తర్వాత, నేనూ పిల్లల తల్లినయ్యాక, అత్తతో ఆ రోజు సంగతి ఎత్తాను. "ఎంత ధైర్యమత్తా నీకు!" అన్నాను. ఆమె పకపకా నవ్వింది. "ధైర్యమా నా మొహమా! పడవ నీకు కనబడనంత దూరం పోయేదాకా బిగబట్టుకుని కూర్చున్నా. ఆమీట 'పోయొస్తా తల్లీ, పోయొస్తా తల్లీ' అని ఆ నీళ్ళకే చెప్పుకుంటా పోయినా. దీవిలో కాళ్ళాడలా. తిరిగొచ్చేటప్పుడు గాలి లేచింది చూడూ, అప్పుడు తోచింది నాకు: నేను గనక మునిగితే ఈ బిడ్డ జన్మలో ఎవుర్నీ గడప దాటనీదే అని! బుద్ధిలేని పని చేసినానే అమ్మణ్ణీ," అంది. అంత భయపడుతూ కూడా నా ముందు గొంతు వణకనివ్వలేదు. నా బిడ్డలు ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు, పరీక్ష తప్పి వచ్చినప్పుడు, నేను నవ్వుతూ పక్కన కూర్చోగలిగానంటే అది ఆమె దగ్గర నేర్చిందే. లోపల నేనూ జపం చేసుకుంటూనే కూర్చున్నాను.

పోయినేడు ఆమె మంచం పట్టిందని తెలిసి చూడడానికి వెళ్ళాను. మనిషి అందరినీ గుర్తుపడుతోంది, మాటే తక్కువ. సాయంత్రం బయలుదేరుతూ ఆమె నుదుటి మీద చెయ్యి వేశాను. నేను నోరు తెరిచేలోగా ఆమే అంది, "పోయొస్తానే అమ్మణ్ణీ," అని. నేను నవ్వాను. "బాగుందత్తా! పొయ్యేది నేనైతే చెప్పేది నువ్వా?" అన్నాను. ఆమె నా వేళ్ళు నొక్కింది. వారం తిరక్కుండానే కబురొచ్చింది.

మొన్న ఆ నీలం గుడారం ముందు కూర్చుని, పిల్లలు నీళ్ళలో ఆడుతుంటే, ఇదంతా నాకు నేనే చెప్పుకున్నాను. అత్తా, నువ్వు కావాలే నాకు. నీ చేతి పులుసు కావాలి, నీ తిట్లు కావాలి. మాటలో ఏమీ లేదని ఒక పగలంతా ప్రాణాలకు తెగించి నాకు నేర్పింది నువ్వే, నేను నేర్చుకున్నాను కూడా. కానీ నువ్వు చివరికి పద్ధతిగా వస్తానని చెప్పి మరీ వెళ్ళావు. పోయినవాళ్ళు తిరిగి రారని ఇంత వయసొచ్చి నాకు తెలియక కాదు. అయినా నీ మాట ఉత్తదని అనుకోవడానికి నాకు ఇంకా మనసు రావడం లేదు.