శెనక్కాయ నూనె సబ్బు

మా చిన్నప్పుడు... నాయన వసారాలో గొంతుక్కూర్చుని మట్టిబానలో వేపకట్టెతో కలుపుతూనే ఉన్నాడు. పొద్దున మొదలుపెట్టింది, మిట్టమధ్యాహ్నమైనా ఆపలేదు. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడింది. బానలో ఉన్నది సబ్బు... అంటే, ఇంకా సబ్బు కావలసినది.

మాది బద్వేలు వైపు నేతగాళ్ల ఊరు. గుంతమగ్గంలో కూర్చుని తొక్కీ తొక్కీ నాయన మోకాళ్లు వాచిపోయాయి. ఇంకా గుంతలో దిగితే నడక పోతుందని డాక్టరు చెప్పాడు. దిగకపోతే పొయ్యి వెలగదు. అందుకే బస్టాండులో దొరికిన కుటీర పరిశ్రమల పుస్తకం ఒకటి పట్టుకుని, ఈ సబ్బు పని మొదలుపెట్టాడు.

అన్నట్టు, అప్పట్లో ఒంటిసబ్బును అమ్మ దారంతో మూడు ముక్కలు కోసేది. నేతింట్లో దారానికేం కరువు... సబ్బుకే కరువు. నేను నా ముక్క వాసన చూసుకుని మళ్లీ గూట్లో పెట్టేవాణ్ణి, అరిగిపోతుందని.

సరే, బాన దగ్గరికి వద్దాం. పుస్తకంలో ఇంత నూనె, ఇంత కాస్టిక్ సోడా, ఇన్ని నీళ్లు అని ఉంది. నూనె అన్నారు కాబట్టి నూనె పోశాడు. మా సీమలో నూనె అంటే శెనక్కాయ నూనె. తాళింపుకైనా, ఊరగాయకైనా అదే. వేరేది కావాలంటేనే పేరు పెట్టి అడుగుతాం.

మూడు రోజులైనా గట్టిపడలేదు. అడుగున జావ, పైన నీళ్లు. మిద్దె మీద ఎండకు పెడితే ఇంకా జారిపోయింది. ఊళ్లో ప్రతి ఒక్కరూ వైద్యులే... ఒకరు సున్నం కలపమన్నారు, ఒకరు మొదలుపెట్టిన ఘడియ మంచిది కాదన్నారు. చివరికి సైకిళ్లు బాగుచేసే మా పక్కింటి మస్తాన్ మామ వచ్చి, బానలోకి తొంగిచూసి తేల్చేశాడు.

"సోడా సాల్లేదప్పా. ఇంగొంచెం బిగించు."

నాయన మళ్లీ కొత్తగా కలిపి, సోడా బిగించాడు. ఈసారి నిజంగానే గట్టిపడింది! పైన మాత్రం తెల్లటి పొడి, విబూది చల్లినట్టు. బిళ్లలు కోసి, గోడవారగా పేర్చి, వచ్చినవాళ్లందరికీ చూపించాడు. ఆ రెండు రోజులు మగ్గం వైపు కన్నెత్తి చూడలేదు.

మొదటి బిళ్లతో నాయన పంచె ఉతికింది అమ్మ. వేళ్ల కొసలు తోలు లేచిపోయాయి. ఎవరికీ చెప్పలేదు. మరునాడు అచ్చు అతకాలి... పాత పోగుకు కొత్త పోగు, వేలికొసలతో మెలిపెట్టుకుంటూ పోవాలి. అది అమ్మ పని. తెల్లటి పోగుల మీద ఎర్రటి మరకలు కనబడి నాయన దగ్గరికొచ్చాడు.

"ఏమైండాది చేతికి?"

"ఏం ల్యా. సబ్బు రవ్వంత మంటగా ఉండాది, అంతే."

నాయన బిళ్లలన్నీ తట్టకెత్తి, తీసుకుపోయి చవుడు నేలలో పూడ్చి వచ్చాడు. వచ్చి గుంతలోకి దిగుతూ, ఎవరివైపూ చూడకుండా అన్నాడు.

"నా చేతికి ఇదే రాసిపెట్టిండాదిలే."

ఇంకెప్పుడూ కొత్త పని మాట ఎత్తలేదు. డాక్టరు చెప్పినట్టే నడక పోయింది. మంచంలోనే పోయాడు.

మొన్న మా వీధిలో ఇంట్లో సబ్బులు చేసే అమ్మాయి ఒకతె కనబడితే ఈ కథ చెప్పాను. సగం వినీ వినకముందే అడిగింది.

"ఏ నూనె తాతా?"

కొబ్బరినూనె తాగినంత సోడా శెనక్కాయ నూనె తాగదట. ఆ పుస్తకం రాసినాయనది ఏ కొబ్బరితోటల ఊరో, ఆయనకు నూనె అంటే కొబ్బరినూనె. మొదటి బానలోనే సోడా ఎక్కువైంది... దాని మీద మేం ఇంకా బిగించాం. బిళ్లను గట్టిపరిచిందీ, అమ్మ వేళ్లు తిన్నదీ ఆ ఎక్కువైన సోడానేనట. సోడా తగ్గించి, నెలో రెండు నెలలో ఓపికగా ఆరబెట్టుకుని ఉంటే, కాస్త మెత్తనైనా మంచి సబ్బే అయ్యేదట.

ఇప్పుడు సబ్బు చెడిపోతే ఫోటో పెడితే చాలు, ఎక్కడెక్కడి వాళ్లో తప్పు చెప్పేస్తున్నారు. మా నాయన మాత్రం తప్పు తన చేతిదే అనుకుని పోయాడు. చెబుదామంటే ఇప్పుడు ఎవరికి చెప్పను...

మీ ఇళ్లల్లో కూడా ఇట్లా, అడిగేవాళ్లు లేక ఆగిపోయిన పని ఏదైనా ఉందా? ఉంటే రాయండి... చదువుతాను.