ముందు పోసింది దిగనివ్వండి

పిండిమర నడిపే ఆమెను వీధిలో అందరూ మరక్క అంటారు. కోపం ముక్కు మీదే ఉంటుంది. మర దగ్గర ఎవరైనా అరిచే మాట్లాడాలి. ఆటిజం ఉన్న ఆమె కూతురికి మాత్రం అరిస్తే మాటలన్నీ కలగాపులగమైపోతాయి. పరీక్షలో పిల్ల చెవులు భేషుగ్గా ఉన్నాయని తేలింది. శబ్దాల్లోంచి మాటను విడదీసుకోవడానికే ఈ పిల్ల మెదడుకు ఎక్కువసేపు పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. మరక్కకు అది వెంటనే బోధపడింది. గోధుమలు పూర్తిగా దిగకముందే బియ్యం పోస్తే రెండు పిండ్లూ పాడవుతాయి.

ఒకరోజు మరక్క ఆడపడుచు వచ్చి మర హోరులోనే పిల్లను అడిగింది.

"మా ఇంటికొస్తావా?"

పిల్ల నేల మీద రాలిన పిండిలో వేలితో గీతలు గీస్తోంది. ఆడపడుచు మళ్లీ అడిగింది. ఆ తర్వాత గొంతు చించుకుంది.

"దీనికి చెవుడే. ఆ పరీక్షలన్నీ ఉత్తవి," అంది చివరికి.

మరక్క మర ఆపేసింది. డబ్బాలతో నిలబడ్డవాళ్లు గొణిగారు.

"తొందరైతే ఇంకో మరకు వెళ్లండి," అని వాళ్లతో అని, ఇటు తిరిగింది. "వదినా, ఇప్పుడు మెల్లగా అడగండి. ఒక్కసారే."

ఆడపడుచు అడిగింది. కాసేపాగి మళ్లీ నోరు తెరవబోతే మరక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు పోసింది దిగనివ్వండి."

పిల్ల పిండిలో గీతలు గీస్తూనే ఉంది. చాలాసేపటికి, తల ఎత్తకుండానే అంది.

"రాను. నువ్వు అరుస్తావు."

ఆడపడుచు మొహం మాడిపోయింది. "పెద్దవాళ్లతో ఇలాగేనా మాట్లాడేది? నువ్వైనా చెప్పవా దానికి?"

"అడిగింది మీరే, వదినా," అంటూ మరక్క స్విచ్చి వేసింది.