తిన్నగా లేని చర్చి

డ్రాయింగులు ప్రింటు చేసే ప్లాటర్‌లోంచి పెద్ద కాగితం బయటికి వస్తున్నప్పుడు తడి సిరా వాసన ఒకటి వస్తుంది. అది తగిలినప్పుడల్లా నాకు మూర్తి సార్ గుర్తొస్తారు. కాబట్టి ఇప్పుడు మీకు మూడు దేశాలు, కొన్ని శతాబ్దాలు, ఒక రాతి గోపురం, చావును దాటిన ప్రేమ ఉన్న మహాగాథ చెప్పబోతున్నాను. అంత లేదు. అరబ్బు దేశంలో, ఘాలా అనే పేటలో, గోదాములకు డ్రాయింగులు గీసే ఆఫీసులో, ఒక గోడ ఎటు ఒరిగిందన్న గొడవ. అంతే.

మూర్తి సార్‌ది రాజమండ్రి. మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. జగిత్యాల నుంచి వచ్చిన నాకు పని నేర్పింది ఆయనే. గీత కాస్త ఒరిగితే చాలు, "ఏంట్రా, గోడ తాగొచ్చిందా?" అనేవారు. అలాంటి మనిషికి చూపు మసకబారింది. ఇక తగ్గదని డాక్టరు చెప్పాక, ఒక శుక్రవారం, సెలవునాడు, నన్ను అదే ఊళ్లో దార్సైట్ పేటలోని తన ఫ్లాట్‌కు పిలిచి పాత కొలతల కాగితాలు ముందు పెట్టారు. పెళ్లయిన కొత్తలో ఆయన ఇంగ్లండులో చదువుకున్నారు. అప్పుడు అద్దెకున్న పల్లెటూళ్లోని పాత చర్చిని భార్యాభర్తలిద్దరూ కలిసి కొలిచారట. టేపు ఒక కొస ఆయనది, రెండో కొస సుందరి గారిది. ఆవిడ ఇప్పుడు లేరు. ఆ బొమ్మ మాత్రం గీయనేలేదు. గోదాములు తీరిక ఇవ్వలేదు.

"చూపుండగా ఒక్కసారి కాగితం మీద చూసుకోవాలిరా," అన్నారు.

"హనీమూన్‌ల చర్చి కొలిచిన్రా సార్? మేడమ్ ఏమనలేదా?"

"అనకేం? చలిలో టేపు పట్టుకుని తిడుతూనే ఉండేది."

ఆయన భూతద్దంతో అంకెలు చదువుతుంటే నేను గీసేవాణ్ణి. పడమట చదరపు గంట గోపురం, మధ్యలో జనం కూర్చునే పొడవాటి హాలు, తూర్పున బలిపీఠం ఉండే చిన్న గది. హాలుకు ఒకవైపు గుండ్రటి కమానులు, రెండోవైపు కొనదేరినవి; ఈ వరుసకూ ఆ వరుసకూ మధ్య తరాలు మారి ఫ్యాషన్ కూడా మారిందట. గోడలు బయటికి ఒరగకుండా రాతి ఊతలు. ఎవడికి తోచింది వాడు చేర్చుకుంటూ పోయాడు. "మున్సిపాలిటీ పర్మిషన్ ఎట్లిచ్చింది సార్?" అంటే పడీపడీ నవ్వారు.

చివరికి ఆ తూర్పు గది మూలల కొలతలు కలవలేదు. ఆఫీసులో ఏం చేస్తామో అదే చేశాను: టేపు వదులై ఉంటుందని గదిని హాలుకు తిన్నగా సరిచేసి ప్రింటు తెచ్చాను. సార్ ముఖం కాగితానికి దాదాపు ఆనించి చూస్తూ అక్కడ ఆగారు.

"తిన్నగా పెట్టేవేంట్రా?"

"వంకర గీత కనబడొద్దని మీరే చెప్పిన్రు గద సార్."

"నేనే." భూతద్దం తీసి పక్కన పెట్టారు. "ఆవేళ నేనూ ఇలాగే అనుకున్నాను. టేపు వదిలేశావ్, నీ కొలత తప్పని సుందరి మీద అరిచేను. తర్వాత పాస్టరు చెప్పేడు, ఆ గది నిజంగానే ఉత్తరానికి ఒరిగి ఉందని. శిలువ మీద ఏసు తల వాలినట్టు కట్టారని ఊళ్లోవాళ్ల మాట. కట్టినోళ్లు తాడు సరిగ్గా లాగలేదని ఆయన మాట. ఏదైతేనేం, సుందరి కొలతే రైటు. బొమ్మ గీసి చూపించి చెబుదామనుకున్నాను. చెప్పనేలేదురా."

జీవితంలో నేను బాస్ మాట విన్నది ఒక్కసారే. అదీ అప్పుడే వినాలా!

సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. మళ్లీ ప్రింటు తీసేలోగా ఆఫీసు ప్లాటర్ చెడిపోయింది. అది బాగైంది గాని, ఆయన కళ్లు అప్పటిదాకా ఆగలేదు. రాజమండ్రికి తిరిగి వెళ్లిపోయే రోజు పొద్దున్నే ప్రింటు తీసుకెళ్లి, ఆయన వేలు పట్టుకుని గోపురం నుంచి హాలు గోడ వెంట నడిపించాను. తూర్పు గది దగ్గర వేలును కాస్త ఉత్తరానికి తిప్పాను.

"ఒరిగిందా?"

"ఒరిగింది సార్. మేడమ్ కొలతే."

ఆయన చాలాసేపు వేలు తీయలేదు.

ఇప్పటికీ రెండు కొలతలు కలవకపోతే వెంటనే సరిచేయను. సైట్‌కు ఫోన్ చేసి, టేపు అవతలి కొస ఎవరు పట్టుకున్నారని అడుగుతాను. ఎక్కువసార్లు టేపే వదులై ఉంటుంది.

ప్రింటు ఆయనతో వెళ్లలేదు. కాగితం చుట్ట పొడవు ఎక్కువ, చేతి సామానుగా కుదరదని ఎయిర్‌పోర్టులో అన్నారు. ఇప్పుడది మా రూమ్‌లో తలుపు వెనక ఉంది. ఏసీ నీళ్లు అటే కారతాయి కనుక పైన ప్లాస్టిక్ కవరు తొడిగాను.