ఏటివైపు కంచె

కంచెలు కట్టే ఆయనకు వదులు మేస్త్రి అన్న పేరు స్థిరపడిపోయింది. ఏటివైపు కంచెల్లో ఆయన మేకులు సగమే దిగగొడతాడు. గుంజకు చేను వైపున తీగ ఆనించి, దాని మీద వంపు మేకు పెట్టి, చిటికెన వేలు పట్టేంత సందు ఉండగానే సుత్తి ఆపేస్తాడు. లోపలినుంచి ఆవు ఒరిగితే తీగ గుంజకే ఒత్తుకుంటుంది. ఏటినుంచి వరద తోస్తే మేకు ఊడి తీగ నేలమీద పడుకుంటుంది. నీళ్లు తీశాక మళ్లీ లేపి కొట్టుకోవడమే.

పెళ్లయిన కొత్తలో మామగారి మెప్పు కోసం ఆయన ఉక్కులాంటి కంచె ఒకటి కట్టాడు. వరదకు కొమ్మలూ గడ్డీ తీగలకు పట్టి కంచె కాస్తా గోడయింది. ఆ గోడ గుంజలతో సహా లేచిపోయింది. మామగారు పల్లెత్తు మాట అనలేదు. ఏడాదిపాటు అల్లుడి ఎదుట కంచె ఊసే ఎత్తలేదు. అదే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

పాలమ్మే ఆవిడకు ఏటి పక్కన రెండెకరాల బీడు, తొమ్మిది ఆవులు. రెండేళ్లలో రెండు కంచెలు కొట్టుకుపోయాయి. "ఇదీ పోతే ఆవుల్ని అమ్మేస్తా బాబాయ్. ఇక నా వల్ల కాదు," అంది. నిలుస్తుందని ఆయన మాటిచ్చాడు. ఎలా నిలుస్తుందో మాత్రం చెప్పలేదు. చెప్పే అలవాటు లేదు.

కంచె పూర్తయిన నాలుగో రోజు ఆవిడ ఫోన్ చేసింది.

"మా అన్నయ్య వచ్చాడు బాబాయ్. నీ మేకులు సగంలో ఉన్నాయని పొద్దుట్నుంచీ కూర్చుని అన్నీ దిగగొట్టేశాడు. నీకు శ్రమ తప్పింది."

అన్నయ్య వడ్రంగి. మేస్త్రి తింటున్న కంచం పక్కకు జరిపాడు. పైన ఆనకట్టనుంచి ఏటికి నీళ్లు వదిలారని అప్పుడే రేడియోలో విన్నాడు. గునపం, తీగలు కోసే కత్తెర సైకిల్‌కు కట్టుకుని బయల్దేరాడు.

"నేను కొట్టిన మేకు ఊడితే నా పేరు మార్చుకుంటా పెద్దాయనా," అన్నాడు కంచె దగ్గర ఎదురొచ్చిన వడ్రంగి.

"ఊడదనే కదయ్యా నా భయం."

నీళ్లు వస్తున్నాయని, మేకులు మళ్లీ సగానికి లేపాలని విన్నాక చెల్లెలు ఆవుల్ని మెరక మీది కొట్టంలోకి తోలేసి వచ్చింది. "పంతాలు రేపు చూసుకుందువుగానిలే అన్నయ్యా. గునపం పట్టు."

ఒక్కో మేకూ పైకి లేపేసరికి చేతులు పడిపోతున్నాయి.

"ఇంత గట్టిగా ఎవరు కొట్టమన్నారయ్యా నిన్ను?"

"తిడుతున్నావా, మెచ్చుకుంటున్నావా?"

"రెండూనూ."

నీళ్లు మోకాళ్లకు వచ్చేసరికి ఇంకా ఐదు గుంజలు మిగిలాయి. మేస్త్రి ఒక్క క్షణం చూసి, వాటికీ మిగతా కంచెకూ మధ్య తీగలన్నీ కత్తిరించేశాడు. "పోతే ఇవే పోనీ. మిగతా వాటిని లాక్కుపోకుండా ఉంటే చాలు. పదండి."

మూడో రోజుకు నీళ్లు తీశాయి. గుంజలు వరసగా నిలబడి ఉన్నాయి, తీగలు బురదలో పడుకుని ఉన్నాయి. చివర మాత్రం ఐదు గుంతలు. వడ్రంగి వాటి దగ్గర చాలాసేపు నిలబడి, వచ్చి మేస్త్రి పక్కన కూర్చున్నాడు.

"ఎంతవరకు దింపాలి?"

మేస్త్రి చిటికెన వేలు సందులో పెట్టి చూపించాడు. ఎందుకో కూడా చెప్పాడు. ఆయన ఒక్కబిగిన అంతసేపు మాట్లాడటం ఆవిడ ఎన్నడూ వినలేదు.

"అయితే అమ్మక్కర్లేదంటావు," అంది చివరికి.

"అమ్మితే నేను పాలెక్కడ పోయించుకోను?"

ఐదు గుంజలూ కొత్తవి పాతి, తీగలు లేపేసరికి పొద్దు వాలింది. ఆవుల్ని వదలగానే ముసలిది నేరుగా వచ్చి తీగకు మెడ రాసుకుంది. మేకు కదల్లేదు, కానీ బయటికి పొడుచుకునే ఉంది. వడ్రంగి చెయ్యి సుత్తి కోసం తడుముకుంది. దాన్ని చెల్లెలు అప్పటికే ఇంట్లో పెట్టి వచ్చింది.