ఖాళీ కాటా మీద నలభై మూడు టన్నులు

హిందీ మాట్లాడే సిర్గిట్టిలో మా అక్క మొగుడికి లారీలు తూచే కాటాలు తయారుచేసే షెడ్డుంది. ఆ కాటాల కంప్యూటర్‌కి ప్రోగ్రాములు రాసేది మేమిద్దరమే. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ బావది. తూకం చదివే ప్రోగ్రాము నాది, దాన్ని డ్రైవర్ అంటారు. రెండూ స్ట్రక్చర్ అనే ఒకే గడుల వరసని పంచుకుంటాయి. ఏ అంకె ఎన్నో గడిలో ఉండాలో అందులో ఖాయం. ఆ గడుల తలమీద, వరస మారినప్పుడల్లా పెంచాల్సిన వెర్షన్ నంబరు పెట్టించాను. రెండువైపులా ఆ నంబరు కలవకపోతే నా డ్రైవర్ తనిఖీలోనే ఆగిపోతుంది, లేవదు.

ఆ ఎండాకాలం బావ ఉష్ణోగ్రతకి కొత్త గడి చేర్చాడు. కొత్తది చివర పెట్టడం మా పనిలో ఆచారం. ఈయన చూడ్డానికి బాగుంటుందని తూకం ముందు దూర్చి, నంబరు పెంచాడు. కొనేవాళ్లు చూడ్డానికొచ్చే రోజునే కాటా మొండికేసింది.

“ఏటే మరదలా, నీ తనిఖీ కూడా నీలాటిదే. తీసీ!”

“తియ్యను బావా. డ్రైవర్ మళ్లీ కట్టాలి, పరీక్ష చెయ్యాలి. సాయంత్రం అవుతాది.”

“ఆల్లు ఇప్పుడే వొస్తన్నారు. ఈ ఆర్డర్ పోతే షెడ్డు మూతే!”

“ఇది విను బావా. ఓ రైలుకి ముందు అదనపు డబ్బా తగిలించారంట. రోజూ ఆగే చోటే నిలబడ్డ పెళ్లివారు సామాన్ల డబ్బా ఎక్కీసారు. పెళ్లికొడుకుని నాగపూర్‌లో పార్సిల్‌లా సంతకం పెట్టి విడిపించుకున్నారు.”

“అచ్ఛా! కిందటిసారి పెళ్లికూతురన్నావు?”

“ఆవిడది వేరే రైలు.”

బావ నన్ను పక్కకి తోసి, తనిఖీ తానే తీసేశాడు. కాటా లేచింది. ఖాళీ కాటా మీద నలభై మూడు టన్నులు చూపించింది. బయట ఎండ సరిగ్గా నలభై మూడు డిగ్రీలు.

“పోనీ, ప్రతి తూకంలోంచి నలభై మూడు తీసీమని రాసీ.”

“లారీ ఎక్కినా నలభై మూడే బావా. నువ్వు తూస్తన్నది సూర్యుణ్ణి.”

తనిఖీ తిరిగి పెట్టేశాను. కొనేవాళ్లు వచ్చేసరికి తెర మీద ‘వెర్షన్లు కలవలేదు, నడవను’ అని ఉంది. వాళ్లకి హిందీలో చెప్పాను: “ఈ కాటా తనకి తెలియనప్పుడు తెలియదంటుంది. ఏదో ఒక అంకె చాలనుకుంటే ఇంకో షెడ్డు చూసుకోండి.”

బావ కళ్లు మూసుకున్నాడు. వచ్చినవాళ్లలో పెద్దాయన తెరని కాసేపు చూసి, సాయంత్రం తమ లారీతో వస్తామన్నాడు.

“రాకపోతే?” అన్నాడు బావ, వాళ్లు గేటు దాటగానే.

“రాకపోనీ. ఆ గడి చివరికి జరుపు ముందు.”

గొణుగుతూనే జరిపాడు. నేను డ్రైవర్ మళ్లీ కట్టి పరీక్ష చేశాను. లారీ వచ్చింది, కాటా దాన్నే తూచింది, ఎండని కాదు. తనిఖీ తియ్యమని బావ ఇంకా అడుగుతూనే ఉంటాడు. తియ్యను.