సువర్చల గారు పిలిస్తే వచ్చేవారు

గత బుధవారం ఉదయం గుడ్లవల్లేరు బస్టాపులో గుడివాడ బస్సు కోసం నిలబడి ఉండగా, మా పాత హెడ్మాస్టరుగారు ఎదురుపడి, "సువర్చలమ్మ పోయిందటమ్మా, తెలిసిందా?" అన్నారు. ఆ మాట మనసుకు ఎక్కేలోగా బస్సు వచ్చింది, వెళ్లిపోయింది కూడా. గుండెపోటట. పదవీ విరమణ చేసి రెండేళ్లయినా నిండలేదు. ఆవిడను గురించి నాలుగు మాటలు రాయమని పూర్వ విద్యార్థులు కోరారు. ఆవిడ సౌజన్యాన్ని, కార్యదక్షతను కొనియాడటానికి నాకంటే అర్హులు చాలామంది ఉన్నారు. కానీ పద్నాలుగేళ్లపాటు ఆవిడ పక్క కుర్చీలో కూర్చుని, ఆవిడను చూసి కుళ్లుకున్నదాన్ని నేను ఒక్కదాన్నే. అసూయపడేవాళ్లు చూసినంత శ్రద్ధగా ఆత్మీయులు కూడా చూడరు.

పెడన సమీపంలోని మా ఉన్నత పాఠశాలలో ఆవిడ హిందీ పండితురాలు, నేను సైన్సు ఉపాధ్యాయిని. పిల్లల్లో సగానికి పైగా చేనేత కుటుంబాలవారే. తల్లిదండ్రుల కమిటీ సమావేశాలు నిర్వహించే బాధ్యతను హెడ్మాస్టరుగారు మొదట నాకే అప్పగించారు. నేను నోటీసులు అచ్చు వేయించాను, మైకు పెట్టించాను, వేదిక మీదికి పూలకుండీలు చేర్పించాను. పదకొండుమంది వచ్చారు. వాళ్లలో ఇద్దరు మా కమిటీ సభ్యులే.

మరుసటి ఏడాది ఆ బాధ్యత సువర్చల గారికి వెళ్లింది. ఆవిడ నోటీసు జోలికి పోలేదు. ప్రతి తరగతికీ వెళ్లి, పిల్లలచేత వాళ్ల ఇంటికే ఉత్తరం రాయించారు. "నాన్నా, మా బడికి రా. నేను కూర్చునే చోటు చూపిస్తాను" అని ఒక ఆరో తరగతి పిల్ల రాసింది. చదువురాని ఇళ్లలో ఆ ఉత్తరాన్ని రాసిన పిల్లలే చదివి వినిపించారు. అమావాస్యనాడు మగ్గాలు ఆడవని తెలుసుకుని, సమావేశం ఆ సాయంత్రమే పెట్టారు. నేను పెట్టినది సోమవారం, నేసిన బట్ట అప్పజెప్పే రోజు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఆ అమావాస్యకు వచ్చిన జనానికి చాపలు చాలక, పక్కనున్న కల్యాణమండపం నుంచి అరువు తెచ్చాం.

"పిల్లల తప్పులు చెప్పడానికి పిలిస్తే ఒక్కసారే వస్తారండీ. పిల్లల్ని చూడ్డానికి పిలిస్తే ప్రతిసారీ వస్తారు" అనేవారు ఆవిడ. ఎవరి పిల్లల మార్కులు వాళ్లకే, విడిగా, తగ్గు గొంతుతో చెప్పేవారు. అంతకుముందు ఆ బిడ్డలో ఉన్న మంచి ఒకటి తప్పకుండా చెప్పేవారు.

నా కూతురు కూడా ఆ బడిలోనే చదివేది. అది నాకు రాసిన ఉత్తరంలో, "అమ్మా, ఈసారైనా నా పక్కన కూర్చో" అని ఉంది. నా బిడ్డ మనసులోని మాట ఆవిడ పుణ్యాన తెలియవలసివచ్చిందే అని ఒళ్లు మండిపోయింది. వేదిక మీద నా కుర్చీలో నేను బిగుసుకుని కూర్చుంటే, సువర్చల గారు దగ్గరికి వచ్చి, "ఇవాళ మీ చోటు ఇది కాదండీ, లేవండి" అన్నారు నవ్వుతూ. లేచి వెళ్లాను. ఆవిడను మాత్రం క్షమించలేదు.

ఒకసారి తల్లికి జబ్బు చేసిందని ఆవిడ నాగాయలంక వెళ్లారు. సమావేశం నా చేతికి వచ్చింది. ఆవిడ పిలుపుకు వచ్చిన జనానికి నా సత్తా చూపాలనుకున్నాను. మార్కులు మైకులో చదివాను, ఒక్కొక్క తండ్రినీ నిలబెట్టి మరీ. తొమ్మిదో తరగతి లావణ్య నాలుగు సబ్జెక్టుల్లో తప్పింది. వెనక ఎవరో నవ్వారు. వాళ్ల నాన్న నాగభూషణం భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని, "చిత్తమండీ" అని, పిల్లను వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి లావణ్య బడికి రాలేదు. ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుడుతోందని, వాళ్ల మేనమామ సంబంధం మాట్లాడుతున్నాడని తెలిసింది.

సువర్చల గారు తిరిగివచ్చి అంతా విన్నారు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. "సాయంత్రం వాళ్లింటికి వెళ్దాం, రండి" అన్నారంతే.

"నేనెందుకండీ? మీరు చెబితే చాలుగా!" అన్నాను.

"మీరే రావాలండీ."

దారిలో ఒక్కటే అడిగారు: "మీ సబ్జెక్టులో ఆ పిల్లకి ఏం బాగా వచ్చు?" ఆలోచించాను. బొమ్మలు. మందారపువ్వు నిలువుకోత బొమ్మ క్లాసులో ఎవరూ అంత బాగా వేయలేరు. "ఆ మాట వాళ్ల నాన్నతో చెప్పండి" అన్నారు.

మమ్మల్ని చూసి నాగభూషణం మగ్గం గుంటలోంచి పైకి లేచాడు. సువర్చల గారు గడపలోనే అందుకున్నారు. "సైన్సు టీచరుగారు ఒకటే పట్టు, నాగభూషణం గారూ. మీ అమ్మాయిని చూడాలని నన్ను లాక్కొచ్చారు."

"పదిమందిలో తల కొట్టేసినట్టయిందండీ" అన్నాడతను, నేల చూస్తూ.

నేను బొమ్మల సంగతి చెప్పాను. తప్పు నాదేనని మాత్రం చెప్పలేదు. ఆవిడ ఆడిన అబద్ధాన్నీ దిద్దలేదు. లోపలినుంచి లావణ్య తొంగిచూసింది. సోమవారం బడికి వచ్చింది. పదో తరగతి గట్టెక్కింది, ఇప్పుడు బందరులో నర్సు.

అప్పటినుంచి ప్రతి సమావేశంలోనూ నాగభూషణం ముందు నాకే దణ్ణం పెట్టేవాడు. "మా పిల్లని నిలబెట్టింది ఈవిడేనండీ" అని అందరికీ చెప్పేవాడు. సువర్చల గారు వింటూ తల ఊపేవారు. దక్కవలసిన మెప్పును అంత తేలిగ్గా నాకు వదిలేయగలిగినందుకు ఆవిడను చూసి మరింత కుమిలిపోయాను. అయినా ఆ మెప్పును మాత్రం వదులుకోలేకపోయాను. ఆవిడ కంటే నాకు ఎక్కువగా దక్కినది లోకంలో అదొక్కటే.

అంత్యక్రియలనాడు శ్మశానం బయట నాగభూషణం నా పక్కనే నిలబడ్డాడు. తల నెరిసిపోయింది. ఇక నా వల్ల కాలేదు. "ఆ రోజు మీ ఇంటికి నన్ను తీసుకొచ్చింది ఆవిడే బాబూ. నేను రానన్నాను" అన్నాను.

"తెలుసండీ" అన్నాడు. "మీ మొహం చూస్తేనే తెలిసిపోయింది. ఆవిడగారు అలా చెప్పారుగా, ఆవిడ మాట పోకూడదని మేమూ అలాగే అంటూ వచ్చాం."

ఇన్నేళ్లూ నాదనుకుని దాచుకున్న ఆ ఒక్క నమస్కారమూ ఆవిడదే. అలా పిలిచేవారు, పిలిస్తే అలా కదలివచ్చేవారు మా బడికి మళ్లీ దొరకరు. సువర్చల గారూ, మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీమీద అసూయ ఇంకా తీరలేదండీ.